ముందొచ్చే గొంతు

జూలై 14

ఈశ్వర్ బావ నిన్న నా ఫోన్ నంబరు అడిగాడు.

టెక్కలి నుంచి కాలేజీ బస్సు దిగి వస్తుంటే కిళ్ళీకొట్టు దగ్గర నిలబడి ఉన్నాడు. పోర్ట్‌బ్లెయిర్ నుంచి సెలవు మీద వచ్చి రెండు వారాలైంది. అక్కడ బిల్డింగులకి సెంట్రింగ్ పని చేస్తాడు. ఈ రెండు వారాల్లో నాతో నాలుగు మాటలు కూడా మాట్లాడలేదు. వాళ్ళ పెరడూ మా పెరడూ ఒకదానికొకటి ఆనుకునే ఉంటాయి. వాళ్ళమ్మ నారాయణమ్మత్త పొద్దున్నే చేపల బుట్ట ఎత్తుకునే ముందు మా గోడ మీదుగా, "ఒసే యమునా, లెగిసినావేటే" అని అరిస్తేగాని మా ఇంట్లో తెల్లవారదు. చుట్టరికం అంటూ ఏమీ లేదు. మా వీధిలో అందరం అత్తలూ బావలమే.

"నీ నంబరు ఇలగియ్యి. అక్కడ్నుంచి ఫోన్ సేస్తాను," అన్నాడు.

"దేనికి?"

"సేస్తే తెలుస్తాది."

చెప్పాను. ఏ పేరుతో పెట్టుకున్నాడో చూడలేదు. చూడాల్సింది.

జూలై 21

రేపు విశాఖపట్నంలో ఓడ ఎక్కుతాడు. అమ్మ దగ్గర చొక్కా పొట్టి చేయించుకోడానికి మధ్యాహ్నం వచ్చి, పని అయిపోయాక కూడా కూర్చున్నాడు. నేను గుమ్మం దగ్గర రికార్డు రాసుకుంటున్నాను. నేను అక్కడున్నంతసేపూ అతను లేవలేదు. ఇది నేను ఊహించుకున్నది కాదు, అమ్మ కూడా అంది, "ఈ గుంటడికి ఇవాళ పనేటీ లేదులాగుంది" అని.

రాజి కూడా ఉంది. నరసింగరావు మావ కూతురు రాజకుమారి. ఇంటర్ తప్పాక అమ్మ దగ్గర కుట్టు నేర్చుకుంటోంది. ఇవాళ దానికి ఏమైందో, జాకెట్టు చేతులు తిరగేసి కుట్టి మళ్ళీ విప్పుకుంది. అమ్మ తిట్టింది. దానికి నవ్వొచ్చింది. బావకీ నవ్వొచ్చింది.

జూలై 22

వెళ్ళిపోయాడు. నీలం చొక్కా.

ఆగస్టు 4

ఫోన్ వచ్చింది. ఆదివారం, అన్నాలు తిన్నాక. కొత్త నంబరు చూడగానే తెలిసిపోయింది. పెరట్లోకి వెళ్ళి ఎత్తాను.

"ఏటే యమునా, తిన్నావా?"

నెత్తళ్ళ కూర అన్నాను. అక్కడ నెత్తళ్ళు దొరకవట. వాన గురించి చెప్పాడు. ఒకే గదిలో ఆరుగురు ఉంటారట, అందులో సోంపేట కుర్రాడు రమేష్‌బాబు వంట చేస్తాడట. నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను. అప్పుడు అడిగాడు.

"రాజి ఉన్నాదా అక్కడ? ఒకపాలి ఇయ్యి."

ఇచ్చాను. మిషన్ దగ్గరున్న రాజి ఫోన్ అందుకుని కొబ్బరిచెట్టు వెనక్కి వెళ్ళిపోయింది. నేను కుట్టు మిషన్ ముందు కూర్చుని అది వదిలేసిన గుడ్డ సరిచేశాను. నాకు కుట్టడం రాదు.

వచ్చి నా చెయ్యి పట్టుకుంది. బావకీ తనకీ పోయినేడు నుంచీ ఉందట. వాళ్ళ నాన్నకి అనుమానం వచ్చి ఫోన్ లాగేసుకున్నాడట. ఇంజను బోటున్న నరసింగరావు, బుట్ట మోసే మనిషి కొడుక్కి పిల్లనిస్తాడా. "నీకు సెప్పాలనే అనుకున్నానే, ఎలగ సెప్పాలో తెలీలేదు," అంది.

"నాకు ముందే తెలుసు," అన్నాను.

ఆగస్టు 5

నాకు ముందే తెలుసని ఎందుకన్నాను.

ఆగస్టు 18

ఆదివారం మధ్యాహ్నాలు. అమ్మ డ్వాక్రా మీటింగుకో పక్కింటికో వెళ్తుంది. రాజి మిషన్ దగ్గరుంటుంది. ఫోన్ నా దగ్గరుంటుంది. ముందు నాతో మాట్లాడతాడు.

ఇవాళ సెమిస్టర్ పరీక్షలు ఎప్పుడని అడిగాడు. అడగాల్సిన అవసరం ఏముంది. "రాజికియ్యి" అంటే సరిపోయేది కదా. ఇష్టం లేకపోతే ఎవరడుగుతారు నా పరీక్షల గురించి. నేనంటే గౌరవం ఉంది. అది మాత్రం నిజం.

రాజి మంచిది. నేను దాని కోసమే చేస్తున్నాను.

సెప్టెంబరు 8

చెప్పడానికి సంగతులు ముందే పోగుచేసుకుంటున్నాను. ఇవాళ నారాయణమ్మత్త మేక పంచాయతీ ఆఫీసులోకి దూరి కాగితాలు నమిలిన కథ చెప్పాను. బావ పగలబడి నవ్వాడు. "మళ్ళీ సెప్పు, మళ్ళీ సెప్పు" అన్నాడు. మళ్ళీ చెప్పాను. రాజి ఎదురుగా నిలబడి చెయ్యి చాపే ఉంచింది. నేను చూడనట్టు ఇంకాసేపు చెప్పాను.

తర్వాత సిగ్గేసింది. రాజికి టీ పెట్టి ఇచ్చాను.

నవంబరు 10

రాజికి జ్వరం, రాలేదు. ఫోన్ మొత్తం నాదే.

చాలాసేపు మాట్లాడాడు. జ్వరం ఎప్పట్నుంచి, మాత్రలు ఎవరిచ్చారు, డాక్టరుకి చూపించారా లేదా, చెమట పట్టిందా. అన్నీ చెప్పాను, తెలియనివి కూడా చెప్పాను.

"ఇంకేటి," అన్నాడు.

"ఏటీ లేదు. నువ్వు చెప్పు."

"ఇంకేటుంటాది. సరే మరి, దానికి సెప్పు," అని పెట్టేశాడు.

బాగా మాట్లాడాడు ఇవాళ.

డిసెంబరు 22

వాళ్ళు కడుతున్న బిల్డింగు వేసవికి పూర్తవుతుందట. జూన్‌లో వచ్చి పెద్దమనుషుల్ని పంపుతానన్నాడు.

"నరసింగరావు మావ ఒప్పుకుంటాడంటావేటే?"

ఒప్పుకోడని నాకు తెలుసు. రాజి వాళ్ళ నాన్న మొన్న మా నాన్నతో, ఉద్యోగస్తుడైతేనే పిల్లనిస్తానని అనడం విన్నాను. కానీ ఆ గొంతు విన్నాక కాదనలేకపోయాను.

"ఒప్పుకుంటాడు బావా."

"నువ్వు సెప్తే అయితాది. నీ నోరు మంచిది. మా పెళ్ళికి మొదటి సీర నీకే."

రంగు అడగలేదు. నేనే గులాబీ అనుకున్నాను. తర్వాత ఈ పేజీ చింపేద్దామనుకున్నాను.

ఫిబ్రవరి 11

టెక్కలి బస్టాండులో ఉండగా బావ నంబరు నుంచి ఫోన్. మంగళవారం ఎందుకు చేస్తాడా అనుకుంటూ, రాజి లేదు, నాకోసమే చేశాడేమో అనుకుంటూ ఎత్తాను. ఆ మాట అనుకున్నాను, రాయకుండా ఎలా ఉంటాను.

వేరే గొంతు.

"అమ్మా, నేను రమేష్‌బాబుని, సోంపేట. ఈశ్వర్‌తో పని సేస్తాను. నువ్వు ఆడికేటవుతావమ్మా?"

బస్సుల చప్పుడుకి రెండో చెవి మూసుకున్నాను.

"ఆడి ఫోన్లో నీ నంబరుకే ఎక్కువ సేసినాడు. అందుకే నీకు సేస్తన్నాను. ఏటవుతావు?"

"మరదల్ని," అన్నాను.

సెంట్రింగ్ జారింది. బావ కింద ఉన్నాడు. ఇనప జాకీలూ చెక్కలూ కాలి మీద పడ్డాయి. పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. ప్రాణానికి భయం లేదంటున్నారు, కాలి సంగతి ఇంకా చెప్పలేదు. "ఆడి అమ్మకి ఎలగ సెప్తావో సెప్పమ్మా," అని పెట్టేశాడు.

బస్సులో నిలబడే వచ్చాను. సీటుంది. కూర్చోవాలని తోచలేదు.

నారాయణమ్మత్త ఒడ్డున ఇసకలో కవళ్ళు ఎండేస్తోంది. నా మొహం చూడగానే చేతిలో చేట కింద పెట్టింది.

"బతికున్నాడా లేదా, ముందది సెప్పు."

"బతికున్నాడత్తా."

"అయితే ఇంకేటైనా సెప్పు. కూకోని ఇంటాను."

ఇసకలో కూర్చుంది. చెప్పాను. అంతా విన్నాక లేచి, మిగిలిన చేపలు కూడా తిరగేసి, ఇంటికి నడిచింది. కాకులు వచ్చాయి. నేను కాపలా ఉన్నాను.

ఫిబ్రవరి 12

రాజికి చెప్పాను. అది మిషన్ చక్రం రెండు చేతులతో పట్టుకుని అలాగే ఉండిపోయింది. పక్కగదిలో అమ్మ ఉంది, గట్టిగా ఏడవడానికి లేదు. నేనూ ఏడవలేదు. నాకేం హక్కుంది.

ఫిబ్రవరి 16

బావ చిన్నాన్న నారాయణమూర్తి వెళ్ళాడు. ఇవాళ బావతో మాట్లాడించాడు. మోకాలి కింద తీసేశారు.

బావ గొంతు పలచగా ఉంది. ఏమీ అడక్కముందే అన్నాడు, "యమునా, రాజికి ఇరిగిందని సెప్పు. పోనాదని సెప్పకు."

"ఎన్నాళ్ళు దాస్తాం బావా?"

"నేనొచ్చి సెప్తాను. నా ఎదురుగుండా దాని మొకం సూస్తూ సెప్తాను. నువ్వు మాత్రం సెప్పకు. ఒట్టెయ్యి."

వేశాను.

ఫిబ్రవరి 23

"ఎప్పుడు నడుస్తాడంట?" అని రాజి అడిగింది.

"రెండు నెలలు కట్టుంచాలంట," అన్నాను.

అది వేళ్ళు లెక్కపెట్టుకుంది.

మార్చి 2

ఇక్కడ ఏదీ దాగదు. నారాయణమూర్తి వాళ్ళావిడ బోరు దగ్గర చెప్పేసింది. గంటలో ఊరంతా తెలిసింది. రాజి మా ఇంటికి పరుగెత్తుకొచ్చింది.

"నువ్వు కూడా నాకు అబద్ధం సెప్పీసినావేటే."

"బావే చెప్పొద్దన్నాడు. ఒట్టేయించుకున్నాడు."

"ఒట్టు," అంది, ఆ మాట తనకి కొత్తైనట్టు. "కాలు లేపోతే నేను వద్దంటానేటి? అంతేనా ఆడికి నేను తెలిసింది? ఫోన్ సెయ్యి. నాతో మాటాడమను."

చేశాను. నేను "బావా, రాజి ఉంది" అనగానే అవతల ఏ చప్పుడూ లేదు. ఫోన్ స్పీకర్లో పెట్టాను. రాజి పేరు పెట్టి పిలిచింది, ఏడ్చింది, మళ్ళీ పిలిచింది. ఊపిరి వినబడుతోంది. పెట్టేశాడు.

సాయంత్రం నాకు చేశాడు.

"ఆళ్ళ నాన్న ఎవర్ని సూస్తే ఆడ్ని సేసుకోమను. నాకు ఇంక ఫోన్ సెయ్యొద్దను. నేనేటి పెడతాను దానికి? బుట్ట మోసిన అమ్మ, కుంటి మొగుడు."

"అది నిన్నే చేసుకుంటానంటోంది బావా."

"దానికి ఇరవై కూడా రాలేదు. ఇప్పుడలగే అంటాది. సెప్పు నువ్వు. నేనన్నది అన్నట్టు సెప్పు."

మార్చి 3

చెప్పకపోతే అది ఎదురుచూస్తుంది. చెప్తే ఎదురుచూడదు. చెప్పకుండా ఉండే హక్కు నాకు లేదు. ఇది బావ మాట, నాది కాదు.

పొద్దున్న బోరు దగ్గర చెప్పాను. అన్నది అన్నట్టు చెప్పాను, ఒక్క మాట కలపలేదు. నా గొంతు వణకలేదు. వణకాల్సింది.

ఏప్రిల్ 1

నెల్లిమర్ల సంబంధం. అబ్బాయి గిరిబాబు, జూట్ మిల్లు ఆఫీసులో పని. వచ్చి చూసుకుని వెళ్ళారు. రాజి వాళ్ళ నాన్న వీధిలో అందరికీ స్వీట్లు పంచాడు.

రాజి నన్ను మా పెరట్లోకి లాక్కెళ్ళింది. "ఒక్క మాట సెప్పమనే. ఆగు అని ఒక్క మాట. నేను మా నాన్న కాళ్ళ మీద పడతాను, అన్నం మానేస్తాను, ఏదైనా సేస్తాను. ఆడు ఆగమని సెప్పకుండా నేను ఏటని సెప్పి ఆగను?"

ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేశాను. రాజి వెళ్ళిపోయాక కూడా చేశాను, రాత్రి అందరూ పడుకున్నాక చేశాను. రమేష్‌బాబుకి చేసి చెప్పమన్నాను. "ఆడు గోడకేసి తిరిగి పడుకున్నాడమ్మా, ఎవరితోనూ మాటాడ్డు," అన్నాడు.

నేను నిజంగానే చేశాను. ఎవరూ అడగలేదు, అయినా రాస్తున్నాను.

ఏప్రిల్ 20

వేట నిషేధం. బోట్లన్నీ ఒడ్డున ఉన్నాయి. మగవాళ్ళంతా ఇళ్ళల్లో ఉన్నారు. నాన్న చిరిగిన వల బాగుచేస్తున్నాడు. పరీక్షలు అయిపోయాయి. అకౌంట్స్ ఎలా రాశానో గుర్తులేదు.

మే 14

రాజి పెళ్ళి.

జడ నేనే వేశాను. పూలు ఎక్కువైపోయాయని వాళ్ళ పెద్దమ్మ రెండుసార్లు విప్పించింది. గదిలో కాసేపు మేమిద్దరమే మిగిలాం. అద్దంలోంచే నన్ను చూస్తూ అంది:

"ఆడొస్తే నువ్వు సూసుకుంటావు కదేటే."

నేను పిన్నులు పెడుతున్నాను. వినబడనట్టు ఉన్నాను.

"దాసుకోకు. నాకు ముందే తెలుసు. ఫోన్ ఇచ్చినప్పుడు నీ సెయ్యి ఎలగుండేదో నాకు తెలుసు కదా."

కోపంగా అనలేదు. అందుకే ఎటు చూడాలో తెలియలేదు. బయట బాజాలు మొదలయ్యాయి.

మే 15

సంతోషంగా లేదు.

మే 17

ఉంది. కొంచెం. ఛీ.

జూన్ 8

వచ్చాడు.

విశాఖపట్నం దాకా ఓడ, నౌపడ దాకా రైలు, అక్కణ్ణుంచి ఆటో. చిన్నాన్న పట్టుకుని దించాడు. చంకకర్రలు ఇంకా అలవాటు కాలేదు. ప్యాంటు కాలు మడిచి పిన్ను పెట్టుంది. నారాయణమ్మత్త ఏడవలేదు. "సిక్కిపోనావురా" అంది, అంతే, లోపలికి వెళ్ళి పళ్ళెంలో అన్నం పెట్టింది.

వీధంతా ఉంది. నేను వెనక నిలబడ్డాను. "బావా" అన్నాను. తిరిగి చూశాడు. నన్ను చూశాడు, తర్వాత నా వెనక చూశాడు. నా వెనక ఎవరూ లేరు.

జూన్ 19

రోజూ వెళ్తున్నాను. అత్త బుట్ట ఎత్తుకుని టెక్కలి వెళ్ళాక ఇంట్లో అతనొక్కడే ఉంటాడు కదా. నీళ్ళు పెట్టాలి, మందు రాయాలి. ఎవరో ఒకరు చెయ్యాలి.

రాజి గురించి ఒక్కసారి కూడా అడగలేదు. మర్చిపోతున్నాడు. మంచిదే.

జూన్ 29

ఇవాళ ఒడ్డుదాకా నడిచాం. ఇసకలో కర్రలు దిగబడ్డాయి. ఒక చోట పడబోయి నా భుజం పట్టుకున్నాడు. వేట మొదలై బోట్లు వస్తున్నాయి. మా నాన్న బోటు చూసి, "అప్పలసూరి మావకి ఇవాళ సేపలు బాగా పడ్డాయిలాగున్నాది," అన్నాడు. అండమాన్ నుంచి వచ్చాక అతను కాలూ మందులూ కాని విషయం మాట్లాడడం ఇదే మొదలు.

మేక కథ చెప్పమన్నాడు. చెప్పాను. నవ్వాడు. చివరికొచ్చేసరికి నవ్వు ఆపేసి సముద్రం కేసి చూశాడు. అలిసిపోయి ఉంటాడు.

జూలై 6

నారాయణమ్మత్త నాకు తల దువ్వింది. చిన్నప్పుడు దువ్వేది. దువ్వుతూ దువ్వుతూ అంది:

"ఒసే గుంటా, నువ్వు నా ఇంట దీపం పెడితే నాకింకేటి కావాల. ఆడు నాలుగు ముద్దలు తింటన్నాడంటే నీ వల్లే. మీయమ్మనీ నాన్ననీ అడగమంటావేటి?"

నేను తల వంచి రిబ్బను అందించాను. జడ బిగించి అల్లింది. "సిగ్గుపడకే," అంది.

జూలై 13

అత్త వచ్చి అడిగింది. అమ్మ లోపలికొచ్చి గిన్నెలు దబదబా పెట్టింది. "డిగ్రీ సదివించి కుంటోడికి కట్టబెట్టాలా?" అంది నాన్నతో. నాన్న గుమ్మంలో కూర్చుని బీడీ వెలిగించుకున్నాడు.

"గుంట మొకం సూసినావా ఈ నెల్లాళ్ళూ?" అన్నాడు. "కాలు లేపోతే ఏటి, కొట్టెట్టించొచ్చు. దానికిష్టమైతే నాకిష్టమే."

అమ్మ నా కేసి చూసింది. చాలాసేపు చూసింది. "నీ కర్మ," అంది. అంటే సరేనని.

జూలై 14

ఎవరితో చెప్పను. ఎవరితోనూ చెప్పేది కాదు ఇది. పొద్దున్న పెరట్లో చెంబు పట్టుకుని ఊరికే నవ్వుకున్నాను. బావ కూడా కాదనలేదట. అత్త చెప్పింది. "నీ ఇష్టమమ్మా" అన్నాడట.

జూలై 20

నిన్న సాయంత్రం బావ నన్ను ఒడ్డుకి రమ్మన్నాడు. తనే పిలవడం మొదటిసారి. గులాబీ చుడీదార్ వేసుకుని వెళ్ళాను. అది కూడా రాస్తాను.

ఒడ్డున పాత తెప్ప మీద కూర్చున్నాడు, కర్రలు పక్కన పెట్టి. నన్ను కూర్చోమన్నాడు. పిల్లలు దూరంగా బంతాట ఆడుతున్నారు.

"అమ్మ మాట కాదనలేను యమునా. అమ్మకి నువ్వంటే పానం. నువ్వు సరేనంటే తాళి కట్టీస్తాను."

"కట్టీస్తాను అంటే?"

"అదే. నీకో మాట సెప్పాల. సెప్పకుండా కడితే పాపం." ఇసకలో కర్రతో గీత గీశాడు. "నువ్వు మాటాడతావు కదా. ఏటైనా, కూరగురించైనా. నేను ఇంటాను. ఇంటా ఇంటా నా సెవి ఎదురు సూస్తాది. నీ తర్వాత అది మాటాడతాదని. అన్నాళ్ళు అలగే అయినాది కదా. ముందు నీ గొంతు, తర్వాత దానిది. నీ మాట అయిపోతాది, తర్వాత ఏటీ ఉండదు. రోజూ అలగే. నువ్వు గుమ్మంలోకొచ్చి 'బావా' అన్నప్పుడల్లా."

ఏమన్నా మళ్ళీ అదే గొంతు.

"నువ్వంటే నాకు కోపం లేదు. నీ అంత మంచిది లేదు. కానీ నిన్ను సేసుకుంటే ఏడిపిస్తాను. తెలిసీ ఏడిపిస్తాను."

అప్పుడు నేను అడిగాను, అడగకూడదని అనుకుంటూనే. "కొన్నాళ్ళకి పోదా బావా?"

"పోతాదేమో. పోకపోతే?"

బోటొకటి ఒడ్డెక్కింది. మగవాళ్ళు తాడు లాగుతూ కేకలు వేస్తున్నారు. అవి ఆగాక అన్నాడు.

"నేను వద్దంటే అమ్మ తట్టుకోలేదు. ఇప్పటికే నా కాలు కోసం ఆ మనిసి బతుకు పోనాది. నువ్వు వద్దను. నీకు సదువుంది, ఎవరూ ఏటీ అనుకోరు." కర్రలు దగ్గరికి లాక్కుని, "ఇదొక్కటి సెయ్యి నాకు," అన్నాడు.

ఇన్నాళ్ళూ అతను నన్ను అడిగినవన్నీ చేశాను. నంబరు ఇచ్చాను, ఫోన్ ఇచ్చాను, ఒట్టు వేశాను, వద్దన్న మాట మోసుకెళ్ళి చెప్పాను. వద్దనడం ఎలాగో ఒక్కటే నేర్చుకోలేదు.

"సరే," అన్నాను.

అతని మొహంలో బరువు దిగింది. నేను చూశాను.

జూలై 21

వద్దన్నాను.

నాన్న బీడీ పారేశాడు. "మరి ఇన్నాళ్ళూ ఆళ్ళింటికి ఏటికి తిరిగినావే?" అన్నాడు. అమ్మ నా మొహం చూసి తలుపు దగ్గరికేసింది. సంతోషించిందో లేదో తెలియదు.

జూలై 22

నారాయణమ్మత్త వచ్చింది. లోపలికి రాలేదు, వాకిట్లోనే నిలబడింది. బావ వాళ్ళ గుమ్మంలో చంకకర్రల మీద నిలబడి ఉన్నాడు. అక్కడికి అన్నీ వినబడతాయి.

"నా మొకం సూసి సెప్పు," అంది అత్త. "కాలు లేదనేటి?"

నేను బావ కేసి చూశాను. ఒక్క మాట అంటాడేమోనని. నేనే వద్దన్నానమ్మా అని, దాన్నేమీ అనకు అని. నోరు తెరుస్తాడేమోనని. తల దించుకున్నాడు.

ఇంకేం కారణం చెప్పను. ఇష్టం లేదంటే నమ్ముతుందా, ఈ వీధిలో ఎవరైనా నమ్ముతారా. నిజం చెప్తే ఆమె కొడుకు ఇంట్లో ఆమెతో ఎలా ఉంటాడు.

"అవునత్తా," అన్నాను.

ఆమె కొట్టలేదు. శాపనార్థాలు పెట్టలేదు. పమిట సరిచేసుకుని, "సరే" అని వెళ్ళిపోయింది. బావ లోపలికి తప్పుకుని ఆమెకి దారిచ్చాడు.

జూలై 27

బోరు దగ్గర నేను వెళ్తే మాటలు ఆపేస్తున్నారు. నారాయణమూర్తి వాళ్ళావిడ మాత్రం ఆపలేదు. "కాలున్నన్నాళ్ళు ఫోన్లు, కాలు పోతే సదువులు," అంది. బిందె నిండకుండానే తెచ్చేశాను.

రాజికి కూడా తెలిసి ఉంటుంది. ఇక్కడి కబురు నెల్లిమర్ల వెళ్ళడానికి ఎంతసేపు. రాజైనా నమ్మదు అనుకుంటున్నాను. నమ్మిందేమో.

ఆగస్టు 10

పొద్దున్న గోడ మీదుగా పిలుపు ఉండడం లేదు. నాన్నే లేపుతున్నాడు.

ఆగస్టు 17

బావ విశాఖపట్నం వెళ్ళాడు. కొత్త కాలు పెట్టించుకుని, అక్కడే ఎవరిదో సెల్‌ఫోన్ రిపేరు షాపులో పని నేర్చుకుంటాడట. నాకెవరూ చెప్పలేదు. ఆటో ఎక్కుతుంటే మా కిటికీలోంచి చూశాను. ఇటు చూడలేదు. చూస్తే అత్త గమనిస్తుందని అయి ఉంటుంది.

అయి ఉండదు. నాకు తెలుసు.

ఆగస్టు 24

అమ్మ టెక్కలిలో చేపలు తెమ్మంది. సంతలో నారాయణమ్మత్త ఎక్కడ కూర్చుంటుందో నాకు తెలుసు కాబట్టి అటు వెళ్ళకూడదనుకున్నాను. కాళ్ళు అటే వెళ్ళాయి. ఎప్పుడూ ఆమె దగ్గరే కొంటాం. తూకం వేసేది కాదు, రెండు చేతులతో తీసి సంచిలో పోసేది, "ఎల్లే, ఎల్లే, మీయమ్మకి నేనడిగానని సెప్పు" అని తోలేసేది.

ఇద్దరు ముగ్గురు బేరం చేస్తున్నారు. నా వంతు వచ్చేదాకా నిలబడ్డాను. కొట్టినా బాగుండు అనుకున్నాను. అందరి ముందూ తిట్టినా బాగుండు.

తల ఎత్తింది.

"ఏటి కావాలమ్మా మీకు?"

నా వెనక ఎవరైనా ఉన్నారేమోనని తిరిగి చూశాను. నన్నే.

"కవళ్ళు," అన్నాను. "అత్తా" అనబోయాను, రాలేదు.

త్రాసులో వేసి, ముల్లు మధ్యకి వచ్చేదాకా ఒక్కొక్క చేపా పెట్టి, తీసి, మళ్ళీ పెట్టింది. ఆకులో చుట్టి ఇచ్చింది. చిల్లర నా అరచేతికి తగలకుండా సంచి మీద పెట్టింది.

నేను కదల్లేదు. ఎందుకు నిలబడ్డానో తెలియదు. ఆమె చేతులు తుడుచుకుని, నెమ్మదిగా, పరాయివాళ్ళతో మాట్లాడే గొంతుతో అంది:

"జరగండమ్మా. ఎనకాల జనం ఉన్నారు."